సోరియాసిస్‌కు బయాలజిక్‌ ఇంజెక్షన్లు: ఐదో ఏటికి ఏం మిగులుతుంది?

ప్లాక్‌ సోరియాసిస్‌ (చర్మం మీద దళసరి మచ్చలుగా వచ్చే రకం) తీవ్రంగా ఉన్నవారికి బయాలజిక్‌ ఇంజెక్షన్ల గురించి చెప్పినప్పుడు ఇంటివాళ్లు ముందుగా ఖర్చు ఎంతవుతుందని అడుగుతారు, ఆ తరువాత ఎన్నాళ్లు వాడాలని అడుగుతారు. ఆ మందు ఎన్నాళ్లు పనిచేస్తుందని అడిగేవారు మాత్రం చాలా తక్కువ. గుంటూరులో చర్మవ్యాధుల వైద్యురాలిగా పనిచేస్తున్న నాకు ఆ అడగని ప్రశ్నే అన్నిటికంటే ముఖ్యమైనదనిపిస్తుంది. ఈనాటి మందులతో మూడు నాలుగు నెలల్లో చర్మం శుభ్రపడటం అరుదైన విషయం కాదు. ఆ శుభ్రత మూడో ఏట, ఐదో ఏట కూడా నిలిచిందా లేదా అన్నదాన్ని బట్టే ఒక మందు మంచిచెడ్డలు తేల్చాలని నేను నమ్ముతాను. అంతకంటే ముఖ్యంగా, ఐదో ఏట ఏం జరుగుతుందన్నది చాలావరకు మొదటి ఇంజెక్షన్‌కు ముందు తీసుకునే నిర్ణయాల మీదే ఆధారపడి ఉంటుంది.

ముందుగా జబ్బు సంగతి కొంత చెప్పుకోవాలి. సోరియాసిస్‌ అంటుకునే వ్యాధి కాదు, రక్తం చెడిపోవడం వల్ల వచ్చేదీ కాదు. మన రోగనిరోధక వ్యవస్థలోని కొన్ని కణాలు ఇంటర్‌ల్యూకిన్‌-23 అనే రసాయన సంకేతాన్ని పంపుతాయి. దానితో బలం పుంజుకున్న టీ-కణాలు (ఒక రకం తెల్ల రక్తకణాలు) ఇంటర్‌ల్యూకిన్‌-17ను విడుదల చేస్తాయి. ఆ ప్రేరణకు చర్మం పైపొరలోని కణాలు ఉండవలసిన వేగం కంటే ఎన్నో రెట్లు వేగంగా పెరిగి, దళసరి మచ్చలుగా, తెల్లటి పొలుసులుగా పేరుకుంటాయి. టీఎన్‌ఎఫ్‌ ఆల్ఫా అనే మరో సంకేతం ఈ మంటను ఎగదోస్తుంది. బయాలజిక్‌ మందులు ఈ సంకేతాలలో ఏదో ఒకదాన్ని ఎంచి పట్టుకుని అడ్డుకునే ప్రొటీన్లు. అమెరికాలో ఇటానెర్‌సెప్ట్‌కు సోరియాసిస్‌ విషయంలో 2004లో అనుమతి లభించింది. తరువాత 2008లో అడాలిముమాబ్‌, 2009లో ఉస్టెకినుమాబ్‌, 2015లో సెకుకినుమాబ్‌, 2017లో గుసెల్‌కుమాబ్‌, 2019లో రిసాంకిజుమాబ్‌ వచ్చాయి. వీటిలో ఇటానెర్‌సెప్ట్‌, అడాలిముమాబ్‌ టీఎన్‌ఎఫ్‌ను, సెకుకినుమాబ్‌ ఇంటర్‌ల్యూకిన్‌-17ను, గుసెల్‌కుమాబ్‌, రిసాంకిజుమాబ్‌ ఇంటర్‌ల్యూకిన్‌-23ను అడ్డుకుంటాయి. అంటే వీటిలో పాతవాటికి ఇరవై ఏళ్ల అనుభవం ఉంది, కొత్తవాటికి పదేళ్లు కూడా నిండలేదు. దీర్ఘకాలం గురించి మాట్లాడేటప్పుడు ఈ తేడాను గుర్తుంచుకోవాలి.

ఫలితాన్ని కొలవడానికి మేము వాడే ప్రధానమైన కొలమానం పేరు పాసి. తల, చేతులు, మొండెం, కాళ్లు అని శరీరాన్ని నాలుగు భాగాలు చేసి, ఒక్కొక్క భాగంలో ఎరుపు, మందం, పొలుసు ఎంత ఉన్నాయో, మచ్చలు ఎంత మేర పరుచుకున్నాయో లెక్కవేస్తే 0 నుంచి 72 వరకు ఒక సంఖ్య వస్తుంది. మొదట్లో ఉన్న సంఖ్య 90 శాతం తగ్గితే దాన్ని పాసి-90 అంటాము, మచ్చ అన్నదే లేకుండా పోతే పాసి-100 అంటాము. ఈ కొలమానం 1978లో స్వీడన్‌లో, తెల్లని చర్మం మీద పుట్టింది కాబట్టి మన చామనఛాయ చర్మం మీద దీన్ని జాగ్రత్తగా వాడాలి. మన రోగులలో ఎరుపు ఎరుపుగా కనిపించదు, ఊదా రంగులోనో ముదురు గోధుమ రంగులోనో కనిపిస్తుంది. మంట పూర్తిగా చల్లారిన తరువాత కూడా ఆ చోట నల్లటి మరక నెలల తరబడి ఉండిపోతుంది. నాలుగో నెలలో వచ్చిన రోగి మోచేయి చూపించి "ఇంకా పోలేదండీ మేడమ్‌" అన్నప్పుడు ఆ మరక మీద వేలితో నిదానంగా రాసి చూస్తాను. పొలుసు రాలకపోతే, చుట్టూ ఉన్న మంచి చర్మానికీ మరకకూ మధ్య అంచు వేలికి తగలకపోతే, అక్కడ జబ్బు లేదు, దాని రంగు మాత్రమే మిగిలి ఉంది. ఈ సంగతి ముందే చెప్పకపోవడం వల్ల మందు పనిచేయడం లేదనుకుని మానేసినవారిని నేను చూశాను. పనిచేస్తున్న మందును వదులుకోవడం కంటే నష్టం ఈ చికిత్సలో మరొకటి లేదు.

ఇక అసలు విషయానికి వస్తాను. సెకుకినుమాబ్‌ను ఐదేళ్లపాటు పరిశీలించిన స్కల్‌ప్చర్‌ అధ్యయనంలో, 300 మిల్లీగ్రాముల మోతాదును నెలనెలా క్రమం తప్పకుండా తీసుకున్నవారిలో మొదటి ఏడాది చివర దాదాపు 68 శాతం మంది పాసి-90 స్థాయిలో ఉండగా, ఐదో ఏడాది చివర దాదాపు 66 శాతం మంది ఉన్నారు. గుసెల్‌కుమాబ్‌ మీద జరిగిన వాయేజ్‌-1 అధ్యయనంలో ఐదో ఏట 84 శాతం మంది పాసి-90 స్థాయిలో నిలిచారు. ఇవి నిజంగా ఆశ కలిగించే అంకెలు. నేను వైద్యవిద్య చదివే రోజుల్లో సోరియాసిస్‌ వార్డులో బొగ్గుతారు లేపనాలు, పువా కాంతిచికిత్స, మెథోట్రెక్సేట్‌ మాత్రలు తప్ప చెప్పుకోదగిన దారి లేదు. ఐదేళ్లు నిలిచే శుభ్రత అన్న మాట అప్పుడు ఎవరైనా అంటే నమ్మేవాళ్లం కాదు.

అయితే ఆ అంకెలను యథాతథంగా రోగికి అప్పజెప్పడం నాకు ఇష్టం ఉండదు. స్కల్‌ప్చర్‌ ఐదేళ్ల లెక్కలో చేరినవారు మొదటి పన్నెండు వారాల్లోనే మంచి ఫలితం చూపినవారు. పైగా ఏటేటా తీసిన శాతం ఆ ఏడాది ఇంకా అధ్యయనంలో ఉన్నవారిని బట్టి తీసినది. మధ్యలో తప్పుకున్నవారు ఆ శాతంలో కనబడరు. మందు పట్టనివాళ్లే ఎక్కువగా తప్పుకుంటారు కాబట్టి మిగిలినవారి ఫలితం మొత్తం మీద మెరుగ్గా కనిపిస్తుంది. ఇందులో మోసమేమీ లేదు, లెక్క తీసిన పద్ధతిని అధ్యయనం రాసినవారే స్పష్టంగా చెబుతారు. చదివేవారే దాన్ని దాటేసి పెద్ద అంకె దగ్గర ఆగిపోతారు.

అందుకే నేను రిజిస్ట్రీల (మామూలు వైద్యంలో ఉన్న రోగులను నమోదుచేసి ఉంచే పట్టికల) సమాచారానికి ఎక్కువ విలువ ఇస్తాను. బ్రిటన్‌, ఐర్లండ్‌లలో బయాలజిక్‌ మందులు వాడుతున్న సోరియాసిస్‌ రోగులను 2007 నుంచి బ్యాడ్‌బర్‌ అనే రిజిస్ట్రీ ఏళ్ల తరబడి వెంబడిస్తోంది. అక్కడ అడిగే ప్రశ్న చాలా సరళమైనది: మొదలుపెట్టిన మందును రోగి ఇంకా వాడుతున్నాడా, మానేశాడా? 2015లో ప్రచురించిన వారి విశ్లేషణలో మొదటిసారి బయాలజిక్‌ మొదలుపెట్టిన 3,523 మందిలో ఏడాది తరువాత 77 శాతం మంది అదే మందు మీద ఉన్నారు, మూడేళ్ల తరువాత 53 శాతం మందే ఉన్నారు. అవి ఎక్కువగా టీఎన్‌ఎఫ్‌ మందుల కాలపు లెక్కలు. అప్పటి మందులలో ఉస్టెకినుమాబ్‌ మీద రోగులు ఎక్కువకాలం నిలిచారు, ఇటానెర్‌సెప్ట్‌, ఇన్‌ఫ్లిక్సిమాబ్‌ (ఇదీ టీఎన్‌ఎఫ్‌ మందే) మీద తక్కువకాలం నిలిచారు. కొత్తగా వచ్చిన ఇంటర్‌ల్యూకిన్‌-23 మందుల నిలకడ ఇంకా మెరుగ్గా ఉందని ఆ తరువాతి విశ్లేషణలు చూపుతున్నాయి. అయినా ఆ 53 శాతాన్ని నేను మరచిపోను. వైద్యం ఉచితంగా అందే దేశంలోనే మూడేళ్లకు దాదాపు సగం మంది మొదటి మందును వదిలేశారంటే, సొంత డబ్బుతో కొనుక్కునే మన రోగుల సంగతి వేరే చెప్పాలా?

మందు ప్రభావం తగ్గడానికి కారణాలు కొన్ని శరీరంలో ఉన్నాయి, కొన్ని జీవితంలో ఉన్నాయి. శరీరంలోని కారణాలలో మొదటిది ప్రతిదేహాలు. బయాలజిక్‌ మందు బయటి నుంచి వచ్చిన ప్రొటీన్‌ కాబట్టి కొందరి శరీరం దాన్ని పరాయిదిగా గుర్తించి, దానికి విరుగుడు ప్రతిదేహాలను తయారుచేసుకుంటుంది. అప్పుడు రక్తంలో మందు మోతాదు పడిపోయి, బాగా శుభ్రపడిన చర్మం మీద మళ్లీ పొలుసు మొదలవుతుంది. ఇన్‌ఫ్లిక్సిమాబ్‌, అడాలిముమాబ్‌ విషయంలో ఇది ఎక్కువ. మెథోట్రెక్సేట్‌ను తక్కువ మోతాదులో జతచేస్తే ఈ ప్రతిదేహాలు తగ్గుతాయి. కాలేయం బాగుండి, మద్యం అలవాటు లేని రోగికి ఈ జోడింపు చవకైన రక్షణ అని నేను చెబుతాను. మందును ఆపడం, మళ్లీ మొదలుపెట్టడం, మళ్లీ ఆపడం ఈ ప్రతిదేహాలకు తలుపు తెరిచినట్టే. ముఖ్యంగా ఇన్‌ఫ్లిక్సిమాబ్‌ను చాలాకాలం ఆపి మళ్లీ ఎక్కించినప్పుడు తీవ్రమైన ప్రతిచర్య వచ్చే ప్రమాదం ఎక్కువ.

ఈ ఆపడం, మొదలుపెట్టడం మన దగ్గర ఎలా జరుగుతుందో ఒక ఉదాహరణ చెబుతాను. పల్నాడు నుంచి వచ్చే ఒక మిరప రైతు అడాలిముమాబ్‌ మీద చాలా బాగుపడ్డారు. పంట యార్డుకు చేరి డబ్బు చేతికి వచ్చిన నెలల్లో రెండు వారాలకొక ఇంజెక్షన్‌ తప్పకుండా వేయించుకునేవారు. విత్తనాలకు, కూలీలకు ఖర్చు మొదలయ్యే నెలల్లో "చర్మం బాగానే ఉంది కదమ్మా" అని రెండు మూడు మోతాదులు దాటవేసేవారు. మళ్లీ మచ్చలు లేచాక వచ్చేవారు. మొదటిసారి అలా ఆపి మొదలుపెట్టినప్పుడు మందు మునుపటిలాగే పనిచేసింది. మరోసారి ఆపాక నెలలు గడిచినా మోకాళ్ల మీద దళసరి తగ్గలేదు. ఆయనకు మందు మార్చవలసి వచ్చింది. ఆయనను నేను తప్పుపట్టను. వ్యవసాయ ఆదాయం ఏడాదికి ఒకసారి వస్తుంది, ఇంజెక్షన్‌ నెలకు రెండుసార్లు రావాలి, ఈ రెండింటికీ పొత్తు కుదరదు. అందువల్ల ఇప్పుడు మందు ఎంచే ముందే ఆ ఇంటికి ఏ నెలల్లో డబ్బు వస్తుందో అడుగుతున్నాను. ఏడాది పొడవునా సాగించలేమని తేలితే, బయాలజిక్‌ మొదలుపెట్టకుండా మెథోట్రెక్సేట్‌తోనో కాంతిచికిత్సతోనో సరిపెట్టుకోవడమే మేలని నిర్మొహమాటంగా చెబుతున్నాను.

ధరల విషయంలో కొంత మేలు జరిగిన మాట నిజం. అడాలిముమాబ్‌కు ప్రపంచంలో మొట్టమొదటి బయోసిమిలర్‌ను (అసలు మందుకు దాదాపు సమానంగా మరో సంస్థ తయారుచేసే మందును) 2014 డిసెంబరులో అహ్మదాబాద్‌కు చెందిన జైడస్‌ మన దేశంలోనే విడుదల చేసింది. హైదరాబాద్‌కు చెందిన హెటెరో కూడా 2018లో తన బయోసిమిలర్‌ను తెచ్చింది. అంతకుముందే, 2013లో, బెంగళూరులోని బయోకాన్‌ ఇటోలిజుమాబ్‌ అనే కొత్త మందును సోరియాసిస్‌ కోసం మన మార్కెట్టులోకి తెచ్చింది. అయినా ఐదేళ్ల ఖర్చును ఒకేసారి కాగితం మీద వేసి చూపినప్పుడు చాలా కుటుంబాలు మౌనంగా ఉండిపోతాయి. ఆరోగ్య బీమా ఉన్నవారు కూడా ఆసుపత్రిలో చేరకుండా తీసుకునే ఇంజెక్షన్‌కు తమ పాలసీ డబ్బు ఇస్తుందో లేదో ముందే రాతపూర్వకంగా తెలుసుకోవాలి.

బరువు గురించి చెప్పకపోతే ఈ చర్చ పూర్తికాదు. లావుగా ఉన్నవారిలో అదే మోతాదు పెద్ద శరీరమంతటికీ సరిపోవాలి. పైగా పొట్ట చుట్టూ ఉన్న కొవ్వు తనంతట తానే మంటను పెంచే రసాయనాలను విడుదల చేస్తుంది. ఉస్టెకినుమాబ్‌ను 100 కిలోల వరకు 45 మిల్లీగ్రాములు, ఆపైన 90 మిల్లీగ్రాములుగా నిర్ణయించింది అందుకే. చర్మం శుభ్రపడిన ఆనందంలో, పెళ్లిళ్లకూ పేరంటాలకూ మళ్లీ వెళ్లడం మొదలుపెట్టి, రెండేళ్లలో బరువు పెరిగి, మందు బలం తగ్గిందని వచ్చేవారు ఉంటారు. వారికి మందు మార్చే ముందు తూకం చూస్తాను.

అందరూ అడిగే మరో ప్రశ్న: చర్మం పూర్తిగా బాగయ్యాక మందు ఆపవచ్చా? సెకుకినుమాబ్‌ను ఏడాది వాడి ఆపేసినవారిని పరిశీలిస్తే, ఏడాది తరువాత కూడా జబ్బు తిరగబడనివారు దాదాపు ఐదింట ఒక వంతు, రెండేళ్లకు దాదాపు పదింట ఒక వంతు మాత్రమే. కారణం చర్మంలోనే ఉంది. మచ్చ ఉన్న చోట పాత మంటను గుర్తుంచుకునే కొన్ని జ్ఞాపక టీ-కణాలు మచ్చ మాయమైన తరువాత కూడా అక్కడే ఉండిపోతాయి. పైకి చర్మం మామూలుగా కనిపిస్తున్నా లోపల నివురుగప్పిన నిప్పులా అవి ఉంటాయి కాబట్టే, మందు ఆపినప్పుడు పాత మచ్చలు సరిగ్గా పాత చోట్లలోనే లేస్తాయి. ముందు చెప్పిన స్కల్‌ప్చర్‌ అధ్యయనంలో కూడా, పొలుసు తిరిగి వచ్చినప్పుడు మాత్రమే వేయించుకున్నవారి కంటే నెలనెలా వేయించుకున్నవారే మెరుగ్గా ఉన్నారు.

ఈ విషయంలో ఇటీవలి పరిశోధన ఒకటి నా ఆలోచనను చాలా మార్చింది. జబ్బు మొదలైన ఏడాదిలోపే సెకుకినుమాబ్‌ ఇచ్చి చూసిన స్టెపిన్‌ అధ్యయనంలో ఏడాది చివర 91 శాతం మంది పాసి-90 చేరుకున్నారు. అదే దశలో కాంతిచికిత్స తీసుకున్నవారిలో 42 శాతం మందే చేరుకున్నారు. గైడ్‌ అనే మరో అధ్యయనంలో, గుసెల్‌కుమాబ్‌తో తొందరగా, పూర్తిగా శుభ్రపడినవారికి ఎనిమిది వారాలకు బదులు పదహారు వారాలకొకసారి ఇచ్చినా జబ్బు అదుపులోనే ఉంది: 68వ వారానికి రెండు వర్గాలలోనూ దాదాపు 92 శాతం మందికి పాసి 3 కంటే తక్కువే. అలా తొందరగా, పూర్తిగా శుభ్రపడేవారిలో జబ్బు వచ్చి ఎక్కువకాలం కానివారు ఎక్కువ. జ్ఞాపక కణాలు చర్మంలో స్థిరపడకముందే అడ్డుకుంటే తరువాతి ఏళ్లు తేలికవుతాయన్న ఆలోచనకు ఇది బలమిస్తోంది. మన దగ్గర జరిగేది దీనికి పూర్తిగా విరుద్ధం. పదేళ్లు, పదిహేనేళ్లు రకరకాల వైద్యాలు, పథ్యాలు, పేరు లేని పొడులు, మందుల షాపులో అడిగి తెచ్చుకున్న స్టెరాయిడ్‌ క్రీములు అన్నీ అయిపోయాక చివరి దారిగా బయాలజిక్‌ దగ్గరకు వస్తారు. అప్పటికి జబ్బు చర్మంలో పాతుకుపోయి ఉంటుంది, కొందరిలో అది కీళ్లకు కూడా పాకి అవి వంకరపోయి ఉంటాయి.

మోతాదుల మధ్య దూరం పెంచడాన్ని నేను వ్యతిరేకించను. అది వైద్యుల పర్యవేక్షణలో, ఏడాదికి పైగా పాసి దాదాపు సున్నా దగ్గర ఉన్నవారిలో, మెల్లగా జరగాలి. నెదర్లాండ్స్‌లో జరిగిన కాండోర్‌ అధ్యయనంలో అడాలిముమాబ్‌, ఇటానెర్‌సెప్ట్‌, ఉస్టెకినుమాబ్‌ మోతాదులు తగ్గించినవారిలో సగం మంది ఏడాది చివర తగ్గిన మోతాదు మీదే నిలవగలిగారు. మిగతా సగం మంది పాత మోతాదుకు తిరిగి వెళ్లారు. ఎవరు నిలుస్తారో ముందుగా చెప్పే రక్తపరీక్ష మన చేతిలో ఇంకా లేదు.

మన దేశంలో దీర్ఘకాల చికిత్స అనగానే టీబీ ప్రస్తావన రాక తప్పదు. టీబీ క్రిములను ఊపిరితిత్తులలో గోడకట్టి బంధించి ఉంచడానికి శరీరానికి టీఎన్‌ఎఫ్‌ కావాలి. దాన్ని అడ్డుకుంటే ఆ గోడ సడలి, నిద్రాణంగా ఉన్న టీబీ మేల్కొంటుంది. ఇన్‌ఫ్లిక్సిమాబ్‌ తరువాత బయటపడిన 70 టీబీ కేసుల నివేదిక 2001లోనే వచ్చింది. ఇంటర్‌ల్యూకిన్‌-17, 23 మందులతో ఈ ప్రమాదం చాలా తక్కువ. అందుకే ఇంట్లో టీబీ వచ్చినవారు ఉన్న రోగికి నేను టీఎన్‌ఎఫ్‌ మందు రాయడానికి వెనుకాడతాను. ఎవరికైనా సరే, మొదలుపెట్టే ముందు ఛాతీ ఎక్స్‌రే, మాంటూ లేదా ఇగ్రా పరీక్ష (ఒంట్లో టీబీ దాగి ఉందేమో చూసేవి), హెపటైటిస్‌-బి, సి పరీక్షలు తప్పవు. ఆ తరువాతి ఏళ్లలో కూడా రెండు వారాలకు మించిన దగ్గు, సాయంత్రం జ్వరం, కారణం తెలియని బరువు తగ్గుదల ఉంటే తరువాతి ఇంజెక్షన్‌ కంటే ముందు నన్ను కలవమని చెబుతాను. ఐదేళ్ల చికిత్సలో ఒక్కసారి చేసిన పరీక్ష జీవితాంతానికి సరిపోదు.

బ్యాడ్‌బర్‌ విశ్లేషణలో నన్ను ఆలోచింపజేసిన మరో విషయం, మగవారికంటే ఆడవారు మందును ఎక్కువగా మానేయడం. నా రోగులలో పెళ్లి కుదిరిన అమ్మాయిల ఇళ్లలో "పెళ్లయ్యాక ఇంజెక్షన్ల సంగతి వాళ్లకెలా చెప్పాలి" అన్న భయంతో మానేసినవారు ఉన్నారు, గర్భం కోసం మానేసినవారు ఉన్నారు. గర్భం ప్లాన్‌ చేసుకుంటున్నవారు వైద్యులతో ముందే మాట్లాడితే మానేయడం ఒక్కటే దారి కానక్కరలేదు. సెర్టోలిజుమాబ్‌ అనే టీఎన్‌ఎఫ్‌ మందు మాయను (ప్లాసెంటాను) దాటి బిడ్డకు చేరడం చాలా తక్కువ. తక్కిన బయాలజిక్‌ మందులలో చాలావరకు చివరి నెలల్లో బిడ్డ రక్తంలోకి చేరతాయి కాబట్టి అలాంటి తల్లికి పుట్టిన బిడ్డకు బీసీజీ, నోటిలో వేసే పోలియో చుక్కలు, రోటా టీకా వంటి సజీవ టీకాలు కనీసం ఆరు నెలలు వాయిదా వేయడం గురించి పిల్లల వైద్యులతో కాన్పుకు ముందే మాట్లాడాలి. మన ఆసుపత్రులలో బీసీజీ పుట్టిన రోజుల్లోనే వేసేస్తారు, కాబట్టి ఈ మాట కాన్పు ఫైలు మొదటి పేజీలోనే పెద్ద అక్షరాలతో రాయించుకోవాలి.

దీర్ఘకాలపు భద్రత గురించి అడిగేవారికి నేను ఎఫాలిజుమాబ్‌ అనే సోరియాసిస్‌ బయాలజిక్‌ సంగతి దాచకుండా చెబుతాను. 2003లో అమెరికాలో అనుమతి పొందిన ఆ మందు, కొందరు రోగులలో ప్రాణాంతకమైన మెదడు ఇన్‌ఫెక్షన్‌ బయటపడటంతో 2009లో మార్కెట్టు నుంచి వైదొలగింది. మొదటి నెలల్లో చేసిన ఏ పరీక్షా ఆ ప్రమాదాన్ని చూపలేదు, ఏళ్లు గడిచాకే తెలిసింది. ఇప్పుడు వాడుతున్న మందులలో పాతవాటి వెనుక లక్షలాది రోగుల అనుభవం ఉంది కాబట్టి వాటిని ధైర్యంగా రాస్తున్నాను. కొత్తవాటిని ఎంచేటప్పుడు వాటి బలంతోపాటు వాటి వయసునూ చెబుతున్నాను.

మందు మార్చవలసి వచ్చినప్పుడు రోగి కుంగిపోతాడు, ఇక మిగిలిన దారి లేదనుకుంటాడు. నిజానికి ఒక వర్గం మందు బలం తగ్గినవారు మరో వర్గం మందుతో బాగుపడటం నిత్యం చూస్తున్నదే. అయితే మునుపటి మందు ఎందుకు ఆగిందో తెలియకపోతే తరువాతి మందు ఎంపిక గుడ్డిదవుతుంది. బలం తగ్గిందా, దుష్ప్రభావమా, డబ్బు లేకనా, ఊరు మారడం వల్లనా అన్నది స్పష్టంగా ఉండాలి. నా రోగులలో ఉద్యోగాల కోసం హైదరాబాదుకో, బెంగళూరుకో, అమెరికాకో వెళ్లేవారు చాలామంది ఉన్నారు కాబట్టి ప్రతి ఒక్కరికీ ఒక కాగితం రాసి ఇస్తున్నాను. చికిత్సకు ముందు పాసి ఎంత, బరువు ఎంత, కీళ్లలో నొప్పి ఉందా. టీబీ పరీక్ష ఫలితం, దాగి ఉన్న టీబీకి ఇచ్చే ఐసోనియాజిడ్‌ మాత్రలు వాడి ఉంటే ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు. ఏ మందు, ఏ మోతాదు, మొదటి ఇంజెక్షన్‌ తేదీ, మధ్యలో తప్పిన మోతాదులు, ఆపి ఉంటే కారణం. అక్కడి వైద్యులు మొదట అడిగేవి ఇవే. ఇవి చేతిలో లేనివారికి పరీక్షలన్నీ మొదటి నుంచి మొదలై, ఆ నెలల్లో మందు ఆగిపోతుంది.